బ్లేడ్లు విరుగుతున్నాయని మానిపించాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి ఇంటర్ పాసై, రెండు నెలలుగా తిరుపతిలో ఒక నగల పనిశాలలో రంపంపని, అంటే సన్నని రంపంతో లోహపు రేకును గీసిన డిజైన్ ప్రకారం కోసే పని, నేర్చుకుంటున్నాడు. రోజూ అరడజను బ్లేడ్లు విరగ్గొడుతున్నాడని, చేయి తిరగదని అక్కడివాళ్లు అంటున్నారు. మాది కంసాలి కుటుంబం కాదు. మానిపించి డిగ్రీలో చేర్చమంటారా?

జవాబు: అప్పుడే వద్దమ్మా. దారంలా సన్నగా ఉండే ఆ బ్లేడ్లను డజన్లు, గ్రోసుల (పన్నెండు డజన్ల) లెక్కన అమ్మేది విరుగుతాయనే. నా అనుమానం మీ అబ్బాయి చేతి మీద కాదు, బ్లేడు మీద. ఏ నంబరుదో అడగండి. సున్నాలు పెరిగేకొద్దీ బ్లేడు సన్నబడుతుంది. 2/0 (రెండు సున్నాల) బ్లేడుతో నేర్చుకోవలసినవాడికి 6/0 (ఆరు సున్నాలది) ఇస్తే విరగక ఏమవుతుంది?

తర్వాత, అతను కోసేటప్పుడు పక్కన కూర్చుని చూడండి. పళ్లు పిడివైపు దిగి ఉండాలి, ఎందుకంటే రంపం కిందికి లాగినప్పుడే కోస్తుంది. బిగించిన బ్లేడును గోటితో మీటితే తీగలా ఖంగుమనాలి. మలుపు దగ్గర ముందుకు నెట్టకుండా, రంపాన్ని ఉన్నచోటే పైకీ కిందికీ ఆడిస్తూ రేకును తిప్పాలి. చాలా బ్లేడ్లు విరిగేది ఈ మలుపులోనే. కాస్త తేనెమైనం రాస్తే కోత సాఫీగా సాగుతుంది.

ఇక పరీక్ష. రాగి రేకు మీద మామిడి పిందె గీయించండి. లోపల చిన్న రంధ్రం వేసి, బ్లేడు దూర్చి, గీతకు లోపలివైపు కోయమనండి. మూడు నెలల తర్వాత మళ్లీ అదే పిందె. రెండూ పక్కపక్కన పెడితే చేయి తిరిగిందో లేదో మీకే కనిపిస్తుంది. విరిగిన బ్లేడ్లను లెక్కపెట్టకండి.

కులం సంగతి దాచను. ఇంటి పేరు చూసి బంగారం చేతికిచ్చే రంగం ఇది. కొత్తవాడికి నమ్మకం కుదిరేదాకా రాగి, వెండే దిక్కు. రేకులో ఖాళీలు కోసి డిజైన్ తీసే ఈ జాలీ పనిని లేజరు యంత్రాలూ చేస్తున్నాయి కాబట్టి సాయంత్రాలు కంప్యూటర్ డిజైన్ కూడా నేర్పించండి, డిగ్రీ దూరవిద్యలో చదవనివ్వండి. పీఎం విశ్వకర్మ పథకంలో కంసాలి పని ఉంది, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. కానీ అది 18 ఏళ్లు నిండి, సొంతంగా వృత్తి చేసుకుంటున్నవారికి. మీవాడికి ఇంకా సమయం ఉంది.

ఒక్కటి మాత్రం ఈ వారమే తేల్చుకోండి: అక్కడ రోజుకు ఎన్ని గంటలు అతని చేతికి రంపం ఇస్తున్నారు? టీలు తెప్పించుకోవడానికే పెట్టుకుని ఉంటే, మార్చవలసింది పనిశాలను.