ఇజ్రాయెల్‌కు స్థిరమైన సరిహద్దు ఎందుకు లేదు? ముస్రారా పేటలో ఐదేళ్లు ఉన్న అనుభవంతో

వేల ఏళ్ల చరిత్ర చెప్పుకునే ఇజ్రాయెల్‌కు ఇప్పటికీ స్థిరమైన సరిహద్దు ఎందుకు లేదని, అక్కడికి పనికి వెళ్లేవారి మీద ఆ వివాద ప్రభావం ఎంత ఉంటుందని మీరు అడిగారు. నేను 2019 నుంచి 2024 వరకు జెరూసలేంలోని ముస్రారా అనే పేటలో ఒక పెద్దావిడకు సంరక్షకురాలిగా పనిచేశాను. మీరడిగిన తగాదా ఆ పేట మీదుగానే నడిచింది గనుక అక్కడి నుంచే జవాబు చెబుతాను.

1948 మే 14న ఇజ్రాయెల్ స్వాతంత్ర్యం ప్రకటించుకోగానే పొరుగు అరబ్బు దేశాల సైన్యాలు యుద్ధంలోకి దిగాయి. ఆ ఏడాది నవంబరు 30న ఇజ్రాయెల్ పక్షాన మోషే దయాన్, జోర్డాన్ పక్షాన అబ్దుల్లా అల్ తల్ అనే సేనాధికారులు ముస్రారాలోనే, మనుషులు విడిచిపోయిన ఒక ఇంట్లో పటం పరచుకుని, ఎవరి సైన్యం ఎక్కడ నిలిచి ఉందో మైనపు పెన్సిళ్లతో గుర్తించారు. దయాన్ గీత ఆకుపచ్చనిది, అల్ తల్ గీత ఎర్రది. పటం మీద 3, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ గీత నేల మీదికి వచ్చేసరికి 60 నుంచి 80 మీటర్ల వెడల్పయింది. దాని కింద పడిన ఇళ్లు ఎవరివన్న తగాదా ఏళ్ల తరబడి నడిచింది. 1949లో కుదిరినవి యుద్ధ విరమణ ఒప్పందాలే తప్ప శాంతి ఒప్పందాలు కావు. ఈ రేఖలు భవిష్యత్తులో జరిగే సరిహద్దు పరిష్కారానికి గాని, ఎవరి హక్కులకు గాని భంగకరం కావని జోర్డాన్‌తో చేసుకున్న ఒప్పందంలోనే రాసుకున్నారు. మన ఊళ్లలో గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు కొలిచి రాళ్లు పాతినా, ఇరుపక్షాలూ ఒప్పుకోనిదే అది హద్దు కాదు కదా, ఇక్కడ జరిగిందీ అంతే.

ఒప్పుకున్న చోట హద్దు నిలిచింది కూడా. ఈజిప్టుతో 1979లో, జోర్డాన్‌తో 1994లో శాంతి ఒప్పందాలు కుదిరాయి. 1967 యుద్ధంలో ఆక్రమించిన సినాయ్ ద్వీపకల్పాన్ని ఇజ్రాయెల్ 1982 నాటికి ఈజిప్టుకు తిరిగి ఇచ్చేసింది. తేలనివి అదే యుద్ధంలో ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్ (జోర్డాన్ నదికి పడమటి ప్రాంతం), తూర్పు జెరూసలేం, గాజా, సిరియా నుంచి తీసుకున్న గోలాన్ గుట్టలు. లెబనాన్ వైపు ఉన్నది కూడా 2000లో ఇజ్రాయెల్ సైన్యం వెనక్కి వెళ్లిందో లేదో చూడడానికి ఐక్యరాజ్యసమితి గుర్తించిన రేఖ మాత్రమే.

నేను చూసుకున్న పెద్దావిడను సవ్తా అని పిలిచేదాన్ని. హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ ఇద్దరినీ అలాగే పిలుస్తారు. ఆమె 1955లో, పద్నాలుగేళ్ల వయసులో, మొరాకో నుంచి వచ్చారు. ముస్రారా ఇళ్లు 19వ శతాబ్దం చివరి నుంచి అరబ్బు కుటుంబాలు, ముఖ్యంగా క్రైస్తవులు, కట్టుకున్నవి. 1948లో వారు ఇళ్లు వదిలిపోవలసి రాగా, ఆ తరువాత ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన యూదు కుటుంబాలు వాటిలో చేరాయి. సాయంత్రం వాకరు పట్టుకుని ట్రామ్ పట్టాల దాకా నడిచాక సవ్తా అక్కడ ఆగి, చెయ్యి చాచి, "గోడ ఇక్కడ ఉండేది" అని చూపేవారు. 1967 దాకా నగరాన్ని పడమట ఇజ్రాయెల్, తూర్పున జోర్డాన్ భాగాలుగా విడదీసిన గోడ అది. అవతలి నుంచి తుపాకి గుళ్లు వచ్చే ఆ రోజుల్లో తూర్పు వైపు బట్టలు ఆరవేయవద్దని వాళ్లమ్మ కట్టడి చేసిందట. 1967 యుద్ధం తరువాత గోడ పోయి, 2011 నుంచి అక్కడ ట్రామ్ తిరుగుతున్నా, తూర్పు బాల్కనీలో నన్ను ఒక్క తువ్వాలు కూడా ఆరవేయనిచ్చేవారు కాదు.

గోడ పోయినంత మాత్రాన తగాదా పోలేదు. నగరమంతా తన రాజధాని అని ఇజ్రాయెల్ 1980లో చట్టం చేసింది; అది చెల్లదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 478వ తీర్మానంలో ప్రకటించింది. తూర్పు జెరూసలేంను పాలస్తీనియన్లు తమ రాజధానిగా కోరుతున్నారు, అక్కడ ఉండే పాలస్తీనియన్లలో అత్యధికులకు ఇజ్రాయెల్ పౌరసత్వం లేదు, నివాస హక్కు మాత్రమే ఉంది.

ఇక ప్రాచీన చరిత్ర సంగతి. క్రీ.శ. 70లో రోమన్లు కూల్చిన జెరూసలేంలోని యూదుల దేవాలయాన్ని తలచుకుంటూ, పస్కా పండుగ రాత్రి "వచ్చే ఏడు జెరూసలేంలో" అని మొరాకోలో తన తాత చెప్పిన మాటను సవ్తా అదే స్వరంతో చెప్పేవారు. ఆ నగరంతో యూదుల బంధం నిజమైనదని నేను కళ్లారా చూశాను. అయితే ఆ బంధం ఇంత దూరం నుంచి మనుషులు ఎందుకు వచ్చారో చెబుతుంది, గట్టు ఎక్కడ వేయాలో చెప్పదు. 2022లో ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన మా గుమ్మం ముందు నిలబడి, తన తండ్రి ఆ ఇంట్లోనే పుట్టాడని చెప్పి, కిటికీ ఇనుప ఊచలను వేళ్లతో తడిమి చూశారు. సవ్తా నన్ను పుదీనా టీ పెట్టమన్నారు. ఇద్దరి అరబ్బీ వేరు వేరు యాసలు, అయినా అరగంట మాట్లాడుకున్నారు. ఆయన వెళ్లాక ఆమె ఆ రోజు భోజనం చేయలేదు.

2023 అక్టోబరు 7న, శనివారం ఉదయం, జెరూసలేంలో రాకెట్లు వస్తున్నాయని హెచ్చరించే సైరన్ మోగింది. అక్కడ తలదాచుకోవడానికి ఇచ్చే గడువు 90 సెకన్లు. మా ఇల్లు పాతది, మమాద్ అనే కాంక్రీటు రక్షణ గది లేదు. వాకరు వదిలేసి, సవ్తా నడుము చుట్టూ చెయ్యి వేసి, మెట్ల మలుపు దాకా చేర్చేసరికే గడువు దాటిపోయింది. ఆ రోజు గాజాలోని పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ చేసిన దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, సుమారు 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. తరువాత గాజాలో సాగిన యుద్ధంలో పదుల వేల మంది ప్రాణాలు కోల్పోయారు.

కాబట్టి మీరు గాని, మీవారు గాని సంరక్షణ పనికి వెళ్లేటట్లయితే, జీతం మాట్లాడుకునే ముందే ఆ ఇంట్లో మమాద్ ఉందా, లేకపోతే ఆశ్రయం ఎన్ని మెట్ల దూరంలో ఉంది, ఆ ఊరికి సైరన్ గడువు ఎన్ని సెకన్లు అని అడగండి. గాజా అంచున ఉన్న ఊళ్లకు ఆ గడువు 15 సెకన్లు, అంతకన్నా తక్కువ కూడా. చేరిన మొదటి రోజే, మీరు చూసుకునే వారిని వెంటబెట్టుకుని ఆ దూరం ఒకసారి నడిచి చూడండి.