రాగం కింద నిండు కార్డు వద్దే బుజ్జీ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

వయొలిన్, కీబోర్డు, ఆల్టో శాక్సొఫోన్, డ్రమ్స్‌తో బ్యాండు కట్టావట, వచ్చే నెల హైదరాబాద్ లమకాన్‌లో మొదటి ప్రోగ్రామట. మీ అమ్మ గొంతులో భయం. నాకు గర్వమే, కానీ భయం లేకపోలేదు. శాక్సొఫోన్ అన్నందుకు కాదు. వయొలినే ఒకప్పుడు పరాయి వాద్యం. శాక్సొఫోన్‌ను కద్రి గోపాల్‌నాథ్ ఏనాడో కర్ణాటక సంగీత కచేరీ వేదిక ఎక్కించారు. నా దిగులంతా శ్రుతి గురించే.

నీ వయొలిన్ తీగలు వారం ముందే మార్చు, కొత్తవి సాగుతాయి. సినిమా పాటలు ఏ శ్రుతిలో ఉన్నా నీ నాలుగు శ్రుతికే తెచ్చుకో. కీబోర్డుకు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, నీ బిరడాలకు లేదు. నీ నాలుగంటే కీబోర్డు మీద ఎఫ్. ఆల్టో శాక్సొఫోన్‌లో స్వరాల పేర్లు కీబోర్డుతో కలవవు, ఆ అబ్బాయి వేళ్ళకు అదే డి. నోటితో చెప్తే మర్చిపోతారు, కాగితం మీద రాసివ్వు.

ఇక అసలు తప్పు. ఇలాంటి బ్యాండ్లు చెప్పినా మళ్ళీ మళ్ళీ చేసేది: రాగం కింద నిండు కార్డు, అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కి, పరచడం. నువ్వు తోడి రాగం అందుకుంటావు. నీ గాంధారం ఒకచోట నిలవదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. కీబోర్డు అబ్బాయి ఎఫ్ మైనర్ పట్టాడనుకో, అందులోని ఎ ఫ్లాట్, అంటే నీ గాంధారమే, కదలకుండా కూర్చుంటుంది. వినేవాళ్ళకు అపశ్రుతి నీదే అనిపిస్తుంది. అక్కడ ఎడమచేత్తో ఎఫ్, సి మాత్రమే, అంటే షడ్జమ పంచమాలే పట్టమను. మోహన రాగంలో నిలిపిన గాంధారానికైతే కార్డు ఫరవాలేదు. కానీ తంబురాతో కలిసే గాంధారం కన్నా కీబోర్డుది 14 సెంట్లు ఎక్కువ (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). కార్డు మోగుతున్నంతసేపు వేలు వెంట్రుకవాసి పైకి జరుపు.

జాజ్‌లో చిక్కు వేరు. జి మైనర్, సి సెవెన్, ఎఫ్ అని కార్డులు నడుస్తుంటే నీ షడ్జమం మొదటిదాని మీద కైశికి నిషాదం అవుతుంది. రెండోదాని మీద శుద్ధ మధ్యమమై అందులోని అంతర గాంధారంతో ఒరుసుకుంటుంది. తంబురా పెట్టె ఆ షడ్జమాన్నే పట్టుకు మోగుతుంది కనుక ఆ పాటకు దాన్ని కట్టేయాల్సిందే. నీకు మనసొప్పదని తెలుసు, కట్టేయవే తల్లీ. మొదటి సోలోకి ఒకే కార్డు మీద నిలిచే పాట ఎంచుకో, ఆలాపనకు అలవాటైన చెయ్యి అక్కడ తడబడదు. స్వింగు అనే జాజ్ నడకను మధ్యస్థ వేగంలో తిశ్రంగా పట్టుకో, అంటే దెబ్బను మూడు భాగాలు చేసి మొదటి స్వరానికి రెండు, రెండోదానికి ఒకటి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు స్వరాలూ సమానానికి దగ్గరవుతాయి.

సౌండ్ అతనితో వయొలిన్‌కు 150 హెర్ట్జ్ కింద కోసేయమను, గుయ్యిమనడం తగ్గుతుంది. నీ మంద్ర షడ్జమం 175 దగ్గరుంది, నష్టం లేదు. డ్రమ్స్ తాళాల (సింబల్స్) పక్కన నిలబడకు. నీ ఎడమ చెవికి వయొలిన్ మోతే చాలు. ఇయర్‌ప్లగ్ పెట్టుకో, అందులో సిగ్గేమిటి?

ఆదివారం రిహార్సల్‌లో కీబోర్డు ఒక్కటే విడిగా ఫోన్లో రికార్డు చేసి పంపు. తోడిలో ఎ ఫ్లాట్ వినబడిందంటే ఆ అబ్బాయితో నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ