కీమోకు ముందే ఎకో తీయించండి

రొమ్ము క్యాన్సరు వచ్చిన మీ అత్తగారికి కీమో ఇస్తే గుండె దెబ్బతింటుందని బంధువులు భయపెడుతున్నారని, మానేయడం మేలా అని అడిగారు. మానవద్దు. మా అమ్మకు మందు చేసిన కీడు కన్నా, దాని జాడను మేము ఆలస్యంగా గుర్తించడం చేసిన కీడే ఎక్కువని నా గట్టి నమ్మకం.

అమ్మకు ముందు నాలుగు విడతలు డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎక్కించారు. గొట్టంలో ఎర్రగా దిగుతుంది కనుక మేమంతా దాన్ని ఎర్ర మందు అనేవాళ్లం. ఆ తరువాత మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్ అనే మరో క్యాన్సరు మందు మొదలైంది. అది ఐదో డోసు అయ్యాక అమ్మకు రాత్రిపూట పొడిదగ్గు పట్టుకుంది. పడుకుంటే దగ్గు వచ్చేది, లేచి గోడకు చేరగిలబడి కూర్చుంటే తగ్గేది. మా వీధి డాక్టరు గారు దగ్గు మందు రాశారు. చూడవచ్చిన వారు రక్తం తగ్గిందని బీట్‌రూట్ రసం తాగించమన్నారు. ఆయాసమన్నా, నీరసమన్నా 'కీమో అంటే అంతేనమ్మా' అని సరిపెట్టిన ఆ మాట మీద నాకు ఈనాటికీ కోపం పోలేదు. ఒకరోజు స్నానం చేసి వచ్చిన అమ్మ కాలి మట్టెలు వేళ్లలోకి దిగబడి కనిపించాయి. సబ్బు రాసినా ఊడలేదు, పాదం మీద నొక్కితే గుంట పడింది. ఆ మధ్యాహ్నం తీయించిన ఎకోలో, అంటే గుండె స్కానింగులో, గుండె రక్తాన్ని పంపు చేసే శాతం 38 అని వచ్చింది. కీమోకు ముందు అది 62. మధ్యలో మూడు నెలలకొకసారి తీయవలసిన ఎకో గురించి మాకెవరూ చెప్పలేదు.

ట్రాస్టుజుమాబ్ ఆపి కార్వెడిలాల్, ఎనలాప్రిల్ అనే గుండె మందులు వాడాక ఐదు నెలలకు ఆ అంకె 54కు చేరింది, మిగిలిన డోసులు కూడా పూర్తయ్యాయి. ట్రాస్టుజుమాబ్ వల్ల గుండెకు వచ్చే బలహీనత చాలామందిలో ఆపితే కోలుకుంటుంది. ఎర్ర మందు సంగతి వేరు. దాని నష్టం ఒంట్లోకి వెళ్లిన మొత్తం మోతాదును బట్టి పెరుగుతుంది, ఏళ్ల తరువాత కూడా బయటపడవచ్చు. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 550 మిల్లీగ్రాములు దాటితే ముప్పు బాగా ఎక్కువ. అందుకే ఆ మొత్తం రాయని డిశ్చార్జి కాగితాన్ని నేను పూర్తి కాగితంగా లెక్కించను, అడిగి రాయించుకోండి.

మీ అత్తగారికి బీపీ గాని షుగరు గాని ఉంటే మొదటి రోజే చెప్పండి. రాత్రిళ్లు ఆమె దిండు మీద దిండు వేసుకోవడం మొదలుపెడితే, తరువాతి కీమో తేదీ దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.