ఏసు నిజంగా పుట్టాడా?

ప్రశ్న: క్రిస్మస్‌కి మా వీధిలో స్టార్ కడుతుంటే మా బావ "ఏసు అసలు పుట్టనే లేదు, అంతా కట్టుకథ" అన్నాడండి. బైబిల్ కాకుండా వేరే ఆధారాలేమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీ బావగారు తొందరపడ్డారండి. మహిమలు ఎవరి నమ్మకం వాళ్లది, వాటి జోలికి నేను పోను. కానీ ఏసు అనే మనిషి ఉన్నాడని చరిత్రకారుల్లో దాదాపు అందరూ ఒప్పుకుంటారు, వాళ్లలో నాస్తికులూ ఉన్నారు. క్రైస్తవులంటే బొత్తిగా గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్, తిబెరి చక్రవర్తి కాలంలో రోమన్ గవర్నర్ పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని క్రీ.శ. 116 ప్రాంతంలో రాశాడు. గిట్టనివాడికి లేని మనిషిని పుట్టించాల్సిన అవసరమేంటి చెప్పండి? యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా 93-94లో రెండుచోట్ల ప్రస్తావించాడు. ఒకచోట తర్వాతివాళ్లు సొంత మాటలు చేర్చారని పండితుల అభిప్రాయం గానీ, ఏసు సోదరుడు యాకోబును రాళ్లతో కొట్టించిన సంగతి చెప్పే రెండో ముక్క నిఖార్సైనదనే ఎక్కువమంది అంటారు. పిలాతు పేరు చెక్కిన సున్నపురాయి అయితే 1961లో ఇజ్రాయెల్‌లోని కైసరయలో తవ్వకాల్లో బయటపడింది.

డిసెంబర్ 25 అని మాత్రం సువార్తల్లో, అంటే బైబిల్లో ఏసు కథ చెప్పే పుస్తకాల్లో, ఎక్కడా లేదు. యూదుల రాజు హేరోదు బతికుండగా పుట్టాడని వాటిలో ఉన్న మాట నిజమైతే, ఆ రాజు క్రీ.పూ. 4లోనే పోయాడని ఎక్కువమంది లెక్క కాబట్టి, ఏసు అంతకుముందే పుట్టి ఉండాలి. ఈ సంగతి బావగారికి ఇప్పుడే చెప్పకండి, మళ్లీ మొదలెడతారు.