ఊరి దొరువుకు స్వేచ్ఛ లేదా?

"పర్యావరణ నిబంధనలు తగ్గించి కంపెనీలకు స్వేచ్ఛనిస్తే ఉపాధి పెరుగుతుంది కదా, అభ్యంతరం ఎందుకు?" అని కొందరు అడుగుతుంటారు. నెల్లూరు జిల్లా తీరంలో పుట్టి పెరిగిన పౌరుడిగా నా అభ్యంతరం ఒక్కటే. ఆ లెక్కలో కంపెనీ పక్కన కాపురం ఉన్నవారి స్వేచ్ఛ కనిపించదు. గిట్టుబాటు కాకపోతే కంపెనీ మరో జిల్లాకు తరలిపోగలదు. ఊరు ఎక్కడికి పోగలదు?

మా ఇసుక నేలల్లో తాగడానికీ, నారుమళ్లకూ దొరువులే, అంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ నీటిగుంతలే ఆధారం. ఇసుకలో ఇంకిన వాననీరు అడుగున ఉన్న ఉప్పునీటి కంటే తేలిక కనుక దానిపైన పలుచని పొరగా నిలుస్తుంది. లోతు తక్కువ గుంత తవ్వి పైపైన తోడుకుంటే తీపినీరు దొరుకుతుంది. మోటార్లతో అతిగా లాగినా, పక్కనే ఉప్పునీరు నిలగట్టినా ఆ పొర చెడిపోతుంది. 1990లలో రొయ్యల గుంటలు వచ్చి, ఉప్పుటేటి నీటితో నిండిన తరువాతే మా దొరువు ఉప్పుబారింది. వానలు తగ్గడమే కారణమని వాదించేవారున్నారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే అంతకు ముందటి కరువు కాలాల్లో కూడా ఆ నీళ్లతోనే మా ఇంట్లో పప్పు ఉడికింది.

చాలా ఏళ్ల తరువాత ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధులతో మా ఊళ్లో నీటిశుద్ధి కేంద్రం కట్టించింది. ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు, శిలాఫలకం మీద పేర్లు చెక్కించారు, ఊరి తరఫున నాలుగు మాటలు చెప్పమని మా పెద్దమ్మ చేతికి మైకు ఇచ్చారు. ఆమె అధికారి వైపు తిరిగి, "అయ్యా, నీళ్లిచ్చారు, సంతోషం. మా దొరువుకు తాళం లేదు, టైము లేదు. నడిరేయి పోయినా బిందె ముంచుకొని వచ్చేదాన్ని. ఇప్పుడు మీ మనిషి తలుపు తీసిందాకా క్యాను పెట్టుకొని కూర్చోవాల. మా దొరువు మళ్లీ ఎప్పుడు బాగవుద్ది?" అని అడిగింది. "పరిశీలిస్తామమ్మా" అని ఆయన మైకు పక్కవారికి అందించారు. మరునాటి పత్రికలో దాతల పేర్లన్నీ వచ్చాయి, ఆమె ప్రశ్న మాత్రం రాలేదు. మా జిల్లా విలేకరులు శిలాఫలకాన్ని చదివినంత శ్రద్ధగా ఊరి మాటను వినరన్నది నా చిరకాల ఫిర్యాదు.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఆ ఖర్చునే బాధ్యత అనడం నాకు నచ్చదు. కాలువలోకి వదిలే నీరు, గుంట నుంచి నేలలోకి ఊరే ఉప్పు, పొగగొట్టం నుంచి రాలే బూడిద, ఇవన్నీ ఆ లాభం వచ్చే దారిలోనే ఉన్నాయి కనుక బాధ్యత అక్కడే మొదలు కావాలి.

సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. తీర నియంత్రణ మండలంలో, అంటే సముద్రతీరం వెంట ఆంక్షలున్న ప్రాంతంలో, సంప్రదాయేతర రొయ్యల సాగును నిషేధించి, నష్టపరిహారం కాలుష్యం చేసినవారే చెల్లించాలని ఆదేశించింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, ఆ సాగుకు మళ్లీ దారి తెరిచింది. కంపెనీలకు స్వేచ్ఛ లేదని వాపోయేవారు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

ఉపాధికి నేను వ్యతిరేకిని కాను. మా ఇళ్లలోనూ రొయ్యలు ఒలిచి పిల్లలను చదివించుకున్నవారున్నారు. కానీ పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమలు ఆరు నెలలకోసారి సమర్పించే నివేదికలు ఇంగ్లీషులో, దస్త్రాల్లో ఉంటే మా పెద్దమ్మలాంటివారికి ఉపయోగమేముంది? వాటిని తెలుగులో రాయించి గ్రామసభలో చదివి వినిపించాలి, దొరువు నీటి పరీక్ష ఫలితాలను పంచాయతీ గోడ మీద అంటించాలి. నిబంధనలు తగ్గించమని అడిగే కంపెనీ ముందు ఈ రెండు పనులకు ఒప్పుకుంటే, మిగతా విషయాలు ఊరివాళ్లమే కూర్చుని మాట్లాడతాము.