పండగ కూర తిన్న కుక్కకు వాంతులు, విరేచనాలు.. తెల్లారేదాకా ఏం చేయాలి?

ప్రశ్న: మాది విజయనగరం. సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాలు మిగిలిన మాంసం కూర, ఎముకలు మా కుక్కకు వేశారు. నాలుగేళ్ల నాటు కుక్క. సాయంత్రం నుంచి రెండుసార్లు కక్కింది, నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. పశువుల ఆస్పత్రి పొద్దున్న గానీ తెరవరు. ఇంట్లో మనం వాడే విరేచనాల బిళ్లలున్నాయి. సగం వేయొచ్చా?
- ఓ పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. సగం కాదు, పావు కూడా వద్దు. ఆ బిళ్ల పేగుల కదలికను మందగింపజేస్తుంది. లోపల ఎముక ముక్కలో, కుళ్లిన తిండో ఉంటే అది బయటకు రాకుండా ఆగిపోతుంది. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి ఇంకా ప్రమాదం. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నమూ చేయకండి, విరిగిన ఎముక పైకొస్తూ గొంతును చీల్చేస్తుంది.

పెద్ద కుక్కే కాబట్టి ఓ పన్నెండు గంటలు తిండి ఆపినా ఫర్వాలేదు. చిన్న కుక్కపిల్లల్ని మాత్రం అలా మాడ్చకూడదు. నీళ్లు ఆపొద్దు. అలాగని గిన్నె నిండా పెడితే గటగటా తాగి మళ్లీ కక్కేస్తుంది. పావుగంటకోసారి రెండు మూడు చెంచాలు చాలు. ప్యాకెట్ మీద రాసినట్టు కలిపిన ఓఆర్ఎస్ కూడా ఇవ్వొచ్చు. తాగకపోతే నోరు తెరిచి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మామ్మలు చెప్పే వాము కషాయం ఈ పూటకు పక్కన పెట్టండి.

మధ్యమధ్యలో పై పెదవి ఎత్తి చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. నాటు కుక్కలకు చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి. మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. అలాగే నిలబడి ఉంటే ఒంట్లో నీరు తగ్గినట్టే.

చిగుళ్లు పాలిపోయినా, తాగిన నీళ్లూ నిలవకపోయినా, రక్తమో తారులాంటి నల్లటి మలమో పడినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, ఏమీ రాకుండా ఊరికే ఓకరిస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఎవరో ఒక పశువైద్యుడికి ఫోన్ చేయండి. గరివిడి పశువైద్య కళాశాల మీకు మరీ దూరం కాదు, కానీ డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. టీకాలు పడని కుక్కపిల్లకి రక్త విరేచనాలైతే మొదట పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బునే అనుమానించాలి, అక్కడ ఒక్క పూట ఆలస్యమైనా కష్టమే.

పన్నెండు గంటలు గడిచి వాంతులు ఆగితే మెత్తగా ఉడికిన అన్నం మూడు వంతులు, చర్మం, ఎముక లేని ఉడికించిన కోడిమాంసం ఒక వంతు కలిపి గుప్పెడంత పెట్టండి. ఉప్పు, కారం, నూనె ఏదీ వద్దు. పాలు అసలొద్దు.

మలాన్ని శుభ్రమైన చిన్న డబ్బాలో తీసుకెళ్లండి, వాంతి ఫొటో తీసి పెట్టుకోండి. కూరలో ఉల్లి, వెల్లుల్లి ఎంత పడ్డాయో కూడా చెప్పండి. అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఆ ప్రభావం ఆ రోజే కనిపించదు, విరేచనాలు తగ్గాక రెండు మూడు రోజులకు నీరసం, ముదురు ఎరుపు మూత్రంగా బయటపడొచ్చు. అలా కనిపిస్తే మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి.