శాన్‌ఫ్రాన్సిస్కో టికెట్ బుక్ చేసే ముందు ఇది చదువు

బుజ్జీ,

జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఎమ్మెస్‌కి వెళ్తున్న మొదటి ఆడపిల్లవి నువ్వే, అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. కానీ నువ్వు చూసిపెట్టుకున్న టికెట్ల సంగతి విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

దూరం బాగానే లెక్కేశావు. హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా సుమారు 13,500 కిలోమీటర్లు. ఆ దగ్గరి దారి ఇక్కడి నుంచి ఉత్తరం వైపే పోతుంది కాబట్టి ఢిల్లీ మీదుగా వెళ్తే ఓ వంద పెరుగుతుందంతే, అదే దోహా మీదుగా అయితే 15,900 దాకా అవుతుంది. అంతవరకు శభాష్. కానీ ఢిల్లీకి ఒక టికెట్, అక్కడి నుంచి అమెరికాకి విడిగా ఇంకో టికెట్, మధ్యలో రెండు గంటలట! వద్దు తల్లీ.

మీ చిన్న బాబాయి సరిగ్గా ఇలాగే బుక్ చేసుకున్నాడు, నీకప్పుడు ఊహ తెలీదు. అదీ జనవరే. ఢిల్లీలో పొగమంచు కమ్మేసి ఇక్కడ విమానం ఆలస్యంగా లేచింది, అక్కడికెళ్ళి గాల్లో తిరిగి తిరిగి చివరికి జైపూర్‌లో దిగింది. మళ్ళీ ఢిల్లీ చేరి, బెల్టు మీద సూట్‌కేసులు వచ్చేదాకా నిలబడి, వాటిని తోసుకుంటూ పరిగెత్తేసరికి కౌంటర్ మూసేశారు. టికెట్లు వేరు వేరు కదా, మొదటి విమానం ఆలస్యంతో మాకు సంబంధం లేదన్నారు రెండోవాళ్ళు. ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. మీ నాయనమ్మ ఆ రాత్రంతా ఫోన్ పక్కనే కూర్చుంది, ముద్ద ముట్టలేదు. వాడు ఫోన్ చేసి "అక్కా, అమ్మకి చెప్పకు" అన్న గొంతు నాకింకా గుర్తుంది.

అందుకే మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద తీసుకో. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమానం కంపెనీ వాళ్ళది. ఒకే టికెట్ అయినా ఆ నెలలో ఢిల్లీలో నాలుగైదు గంటలు పెట్టుకో. ఊరికే కూర్చుంటే నష్టమేం లేదు, పుస్తకం చదువుకో.

ఇంకోటి. టికెట్ మీద టైములన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకి ఎక్కితే అదే రోజు ఉదయం ఆరున్నరకి దిగుతావని ఉందనుకో, అది రెండున్నర గంటల ప్రయాణం కాదు, చలికాలంలో మనకీ వాళ్ళకీ పదమూడున్నర గంటల తేడా, అంటే 16 గంటలు. 4 గంటలంటే అంతకుముందు రాత్రే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి, తేదీ రెండుసార్లు చూసుకో.

పాస్‌పోర్టు, యూనివర్సిటీ వాళ్ళిచ్చిన ఐ-20 కాగితం, పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యి, నీళ్ళు తాగు, మొహమాటపడి కాళ్ళు ముడుచుక్కూర్చోకు. దిగాక ఇమిగ్రేషన్ క్యూ ఎంతుంటుందో చెప్పలేం, నిన్ను తీసుకెళ్ళేవాళ్ళకి ఆ మాట ముందే చెప్పు.

డబ్బు తేడా ఎంతొస్తుందో నాకు చెప్పు, నేనిస్తాను. మీ నాన్నకి చెప్పక్కర్లేదు. టికెట్ తీసుకోగానే పీఎన్ఆర్ నాకు పంపు.

మీ అత్త